శాంతినికేతన్ మాస్టారు నందలాల్ బోస్

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని సంఘ కార్యదర్శి గారు కోరారు. దేశ నాయకుల గురించి, కవుల గురించి వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఒక డ్రాయింగు మాస్టారి గురించి వ్రాస్తానన్నాను. మా చదువుల కాలంలో డ్రాయింగు అంటే వారానికి ఒక పీరియడు. అది కూడా పరీక్షలు దగ్గర పడితే లెక్కల మాస్టారు లాక్కునే పీరియడు. ఆ మాస్టారికి బడిలో గౌరవం అంతంత మాత్రమే. అలాంటి పని చేస్తూ దాదాపు 30 ఏళ్ళు ఒకే చోట ఉండిపోయి, మన రాజ్యాంగానికే బొమ్మలు వేసిన వ్యక్తి నందలాల్ బోస్.

2024 నవంబరు 26 నాటికి రాజ్యాంగాన్ని ఆమోదించి 75 ఏళ్ళు నిండాయి. దాని అసలు ప్రతి అచ్చుయంత్రం మీద తయారైనది కాదని, చేత్తో వ్రాసినదని మనలో చాలామందికి తెలియదు. దాని నకలును నేను ఒక ప్రదర్శనలో అద్దాల పెట్టెలో చూశాను. మనవడు బొమ్మలు చూస్తుంటే నేను అక్షరాలు చూస్తూ నిలబడిపోయాను. ఉద్యోగమంతా నోటు ఫైళ్ళు, సర్వీసు రిజిస్టర్లు వ్రాసి బతికినవాడికి దస్తూరి మీదకే కదా కళ్ళు పోయేది! ఒక్క కొట్టివేత లేదు, ఒక్క దిద్దుబాటు లేదు. వ్రాసినవారు ఢిల్లీకి చెందిన ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా. ఆయన కూలి తీసుకోనన్నారు. ప్రతి పేజీలో తన పేరు ఉంటే చాలన్నారు. ఆ అక్షరాల చుట్టూ ఉన్న అంచులు, ప్రతి భాగం మొదట్లో ఉన్న చిత్రాలు నందలాల్ బోస్, ఆయన శిష్యులు వేసినవి. అప్పటికి ఆయనకు 67 ఏళ్ళు. ఆ వయసుకు మనం పెన్షను తీసుకుంటూ సాయంత్రాలు పార్కులో కూర్చుంటున్నాము.

నందలాల్ 1882 డిసెంబరు 3న బీహారులోని మోంఘీర్ జిల్లా హవేలీ ఖరగ్‌పూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో పుట్టారు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణి దేవి చేతిపని బాగా తెలిసిన ఇల్లాలు. పిల్లవాడికి ఎనిమిదేళ్ళప్పుడే ఆమె పోయింది. ఊళ్ళో కుమ్మరులు దేవతా విగ్రహాలు చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం, తానూ మట్టి పిసికి బొమ్మలు చేయడం అతని చిన్ననాటి చదువు. అసలు చదువు మాత్రం సాగలేదు. పదిహేనేళ్ళ వయసులో కలకత్తా పంపారు. స్కూలు పరీక్ష ఎలాగో గట్టెక్కింది గాని కాలేజీలో తప్పాడు. కాలేజీ మార్చారు. మళ్ళీ తప్పాడు. ఈలోగా 1903లో సుధీరా దేవితో పెళ్ళి అయింది. పెళ్ళయిన కుర్రాడు ఏదో ఒక కొలువులో కుదురుకోవాలి గదా అని కామర్సు క్లాసులో చేర్పించారు. అదీ ఒంటబట్టలేదు. లెడ్జర్ల జోలికి పోకుండా అతను రవివర్మ బొమ్మలకు, ఇటలీ చిత్రకారుల బొమ్మలకు నకళ్ళు వేస్తూ కూర్చునేవాడు.

ఆ రోజుల్లో పత్రికలో అవనీంద్రనాథ్ ఠాగూర్ వేసిన చిత్రాలు కంటబడ్డాయి. దొరల పద్ధతిని పక్కనపెట్టి మన పాత చిత్రాల దారిలో వేసిన బొమ్మలవి. గురువంటే ఈయనే అనుకుని 1905లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలకు వెళ్ళాడు. దాని ప్రిన్సిపాలు హావెల్ అనే ఇంగ్లీషు దొర. మన దేశపు పిల్లలకు మన దేశపు కళే నేర్పాలని పట్టుబట్టి తనవాళ్ళతోనే మాటలు పడ్డ మనిషి. వైస్ ప్రిన్సిపాలు అవనీంద్రుడు. ఇద్దరూ కుర్రవాడి చేతిని చూసి చేర్చుకున్నారు. ఇంట్లో పెద్దలు మాత్రం సంతోషించలేదు. బొమ్మలు వేసేవాడు సంసారం ఎలా ఈదుతాడని వారి బాధ. ఆ బాధలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మన ఇళ్ళలో ఇప్పటికీ అదే మాట వినబడుతుంది.

మూడేళ్ళు తిరిగేసరికి ఆ పెద్దలకు జవాబు దొరికింది. శివుడు, సతి మీద వేసిన చిత్రానికి 1908లో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వారి ప్రదర్శనలో 500 రూపాయల బహుమతి వచ్చింది. ఆ కాలంలో 500 అంటే గుమాస్తాకు ఏళ్ళ తరబడి కూడబెట్టినా మిగలని సొమ్ము. ఆయన ఇల్లు కొనలేదు, పొలం కొనలేదు. దేశం తిరగడానికి ఖర్చు పెట్టారు. ఉత్తరాదిన గుళ్ళు, కోటలు, దక్షిణాదిన శిల్పాలు చూసుకుంటూ, చూసినదల్లా కాగితం మీద గీసుకుంటూ తిరిగారు.

ఆ తరువాతది అజంతా. 1909-10 చలికాలంలో హేరింగ్‌హామ్ అనే ఇంగ్లీషు మహిళ అజంతా గోడల మీది చిత్రాలకు నకళ్ళు తీయడానికి వచ్చింది. నందలాల్‌ను పట్టుబట్టి అక్కడికి పంపింది సోదరి నివేదిత. అప్పుడు అజంతా నైజాం రాజ్యంలో ఉండేది. అందువల్ల కలకత్తా కుర్రవాళ్ళతో పాటు హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ అనే ఇద్దరు చిత్రకారులు కూడా ఆ పనిలో పాల్గొన్నారు. గుహల్లో చీకటి, రాలిపోతున్న గోడ పూత, గబ్బిలాల కంపు. ఆ మసక వెలుతురులో నెలల తరబడి గీత గీతకూ నకలు తీశారు. నకలు తీయడమంటే చిన్నపని అని మన ఆఫీసుల్లో ఒక చులకన ఉండేది. నిజానికి ఒక దస్తావేజును అక్షరం వదలకుండా ఎత్తి వ్రాసినవాడికే అందులోని లొసుగు, సొగసు రెండూ తెలుస్తాయి. నందలాల్ గీతకు వచ్చిన బలమంతా అజంతాలో తీసిన నకళ్ళ నుంచి వచ్చిందే. 1921లో గ్వాలియర్ రాజ్యంలోని బాగ్ గుహలకూ వెళ్ళి అదే పని చేశారు.

అప్పటికి కలకత్తాలో ఆయన పేరు మోగుతోంది. జొరాసంకోలో గురువు అవనీంద్రుడి నీడ ఉంది. బొమ్మలు కొనే ధనవంతులు ఉన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ మాత్రం శాంతినికేతన్ రమ్మన్నారు. 1919లో అక్కడ కళాభవన్ మొదలైంది. నందలాల్ వెళ్ళారు. గురువుకు అది రుచించలేదు. శిష్యుణ్ణి కలకత్తాకు వెనక్కి పిలిపించుకున్నారు. ఒకవైపు విద్య చెప్పిన గురువు, మరోవైపు కొత్త విద్యాలయం కడుతున్న కవి. ఇద్దరూ ఒకే ఇంటివారు. ఎటూ చెప్పుకోలేని ఇరకాటం. చివరికి నందలాల్ శాంతినికేతన్‌కే వెళ్ళిపోయారు. గురువు మీద భక్తి ఏమీ తగ్గలేదు. 1922 నుంచి కళాభవన్ పెద్దగా బాధ్యత తీసుకుని 1951లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే ఉన్నారు.

అది ఎర్రమట్టి నేల, తాటిచెట్లు, ఎండ. ఊరు కూడా పెద్దది కాదు. కొనేవాళ్ళు లేరు, పొగిడే పత్రికల వాళ్ళు లేరు. అక్కడ ఆయన్ను అందరూ పిలిచిన పేరు మాస్టర్‌మొశాయ్, అంటే మన భాషలో మాస్టారు గారు. తెల్లవారక ముందే పిల్లల్ని వెంటబెట్టుకుని పొలాల వెంట నడిచేవారు. చెట్టును గీసేముందు అది ఎలా నిలబడిందో, కొమ్మ ఎక్కడ విడిపోయిందో చూడమనేవారు. సంతాలుల ఇళ్ళు, వారి మట్టిగోడల అలంకారం, నీళ్ళకు పోయే ఆడవాళ్ళ నడక ఇవే పాఠాలు. మార్కులకూ పరీక్షలకూ అక్కడ పెద్ద చోటు లేదు. తాను ఒకపక్క పని చేసుకుంటూ ఉంటే పిల్లలు చూసి నేర్చుకునేవారు. ఎవరిది తప్పైనా మాటలతో ఎక్కువ చెప్పేవారు కాదు, కాగితం అంచున చిన్నగా గీసి చూపేవారు. జేబులో ఎప్పుడూ పోస్టుకార్డు సైజు అట్టలు ఉండేవి. దారిలో కనిపించిన మేక, తాటాకు గొడుగు, రైలు ప్లాట్‌ఫారం మీద కునుకు తీసే మనిషి అన్నీ ఆ కార్డుల మీదకు ఎక్కేవి. ఊరు వెళ్ళిన శిష్యులకు ఉత్తరానికి బదులు బొమ్మ కార్డు పోస్టు చేసేవారు. అలా వేసినవి వేల సంఖ్యలో ఉన్నాయి.

1924లో రవీంద్రుడితో కలిసి బర్మా, చైనా, జపాన్ తిరిగివచ్చారు. సిరా, కుంచె పనితనం అక్కడ దగ్గరగా చూశారు. జైపూరు నుంచి గోడచిత్రాల మేస్త్రీని పిలిపించి, సున్నపు పూత మీద రంగు పట్టించే పని తానూ నేర్చుకున్నారు, పిల్లలకూ నేర్పించారు. శాంతినికేతన్‌లో పండుగ వస్తే నేల మీద అల్పన వేయాలి. అల్పన అంటే మన ముగ్గు వంటిది. నాటకం ఆడితే రంగస్థలం, దుస్తులు ఆయనే చూసుకోవాలి. రవీంద్రుడు పిల్లలకు వాచకం వ్రాస్తే బొమ్మలు వేయాలి. సహజ్ పాఠ్ అనే ఆ బెంగాలీ వాచకం 1930లో వచ్చింది. ఇంత పెద్ద చిత్రకారుడు వాచకాలకు, ముగ్గులకు కాలం పాడుచేసుకున్నాడని అన్నవాళ్ళున్నారు. నాకు అలా తోచదు. మా మనవడి పుస్తకంలో కంప్యూటరు వేసిన ఏనుగు బొమ్మ చూసినప్పుడల్లా ఆ బెంగాలీ పిల్లల అదృష్టం గుర్తొస్తుంది.

ఈ సందర్భంలో ఆయన కూతురి సంగతి చెప్పాలి. 1926లో రవీంద్రుడి నటీర్ పూజ నాటకం వేశారు. బుద్ధుడి పూజ చేయవద్దని రాజాజ్ఞ ఉంటే, ఒక నర్తకి తన నాట్యమే పూజగా సమర్పించి ప్రాణం పోగొట్టుకునే కథ. నర్తకి వేషం నందలాల్ కుమార్తె గౌరి వేసింది. మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల నలుగురి ముందు నాట్యం చేయడమంటే ఆ రోజుల్లో ఎన్ని నోళ్ళు లేస్తాయో మన తరానికి వేరే చెప్పనక్కరలేదు. తండ్రి వెనక్కి లాగలేదు. ఆ దృశ్యం ఆయన మనసులో ఎంతగా నిలిచిపోయిందంటే, 1942లో శాంతినికేతన్ చీనాభవన్ గోడ మీదా, ఆ కాలంలోనే బరోడా కీర్తిమందిరం గోడ మీదా దాన్ని చిత్రించారు.

గాంధీగారితో పరిచయం ఆయన కళను బడి గోడలు దాటించింది. 1930లో దండి యాత్ర జరిగినప్పుడు నందలాల్ లినోలియం పలక మీద ఒక బొమ్మ చెక్కారు. నల్లని నేల మీద తెల్లని గీతలు, చేతికర్ర పట్టుకుని ముందుకు అడుగు వేస్తున్న బాపూజీ. వెనక కొండలు లేవు, సముద్రం లేదు, జనం లేరు. ఆ మనిషి నడక ఒక్కటే. చెక్కిన పలక నుంచి ఎన్ని కాగితాలైనా అచ్చు తీయవచ్చు, ఖర్చు తక్కువ. బాపూజీ అనగానే మనకు మనసులో మెదిలే ఆకారం చాలావరకు ఆ బొమ్మదేనని నా నమ్మకం.

1936లో లక్నో కాంగ్రెసులో ప్రదర్శన ఏర్పాటు చేసే పని గాంధీగారు ఆయనకు అప్పగించారు. ఆ ఏడాది డిసెంబరులో ఫైజ్‌పూర్‌లో, ఒక పల్లెలో మొదటిసారిగా కాంగ్రెసు జరిగింది. అక్కడ నగరమంతా వెదురు, గడ్డి, మట్టితోనే నందలాల్ పర్యవేక్షణలో లేచింది. 1938 ఫిబ్రవరిలో గుజరాతులోని హరిపురా కాంగ్రెసుకు సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడు. ప్రదర్శనశాల లోపలికి రాని పల్లె జనానికి కూడా నడిచే దారిలోనే బొమ్మలు కనపడాలని గాంధీగారి కోరిక. నందలాల్ చేతి తయారీ కాగితాన్ని అట్ట మీద బిగించి, మట్టి రంగులు కలుపుకొని పని మొదలుపెట్టారు. ఆయన స్వయంగా వేసినవి 80కి పైగా. శిష్యులు వాటికి నకళ్ళు తీయగా మొత్తం 400 దాకా అయ్యాయి.

అందులో దేవుళ్ళు, రాజులు కాదు. డప్పు వాయించేవాడు, చెప్పులు కుట్టేవాడు, దూది ఏకేవాడు, వడ్రంగి, మల్లయోధులు, వడ్లు దంచే ఆడవాళ్ళు, బిడ్డనెత్తుకున్న తల్లి, వీణ వాయించే మనిషి. నాలుగు మందపాటి గీతలు, నాలుగు రంగులు. ఎంత వేగంగా వేశారో గీత చూస్తేనే తెలుస్తుంది. నాలుగు రోజుల సభ కోసం, ఎండకూ గాలికీ వదిలేయడానికి వేసిన బొమ్మలవి. నన్నడిగితే ఆయన వేసిన పురాణ చిత్రాలన్నీ ఒక ఎత్తు, ఈ హరిపురా బొమ్మలు ఒక ఎత్తు. ఊళ్ళో మనం రోజూ చూసి కూడా పట్టించుకోని మనుషులు అందులో నిలబడి ఉంటారు. వాటిలో చాలా భాగం ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి.

మాస్టారి గొప్పతనం ఆయన బొమ్మల కంటే శిష్యుల్లో ఎక్కువ కనిపిస్తుంది. వినోద్ బిహారీ ముఖర్జీకి పుట్టుకతోనే ఒక కన్ను లేదు, రెండోది మసక. అలాంటివాణ్ణి చేర్చుకుని గొప్ప గోడచిత్రాలు వేయగలవాణ్ణి చేశారు. బాంకుడా నుంచి వచ్చిన పేదింటి పిల్లవాడు రామకింకర్ బైజ్. అతను సిమెంటుతో, కంకరతో శిల్పాలు చేసేవాడు, తైలవర్ణాలు వాడేవాడు. గురువు పద్ధతికి అతని పద్ధతికి చుక్కెదురు. మాస్టారికి అవన్నీ నచ్చాయని చెప్పలేము. అయినా ఆ శిష్యుణ్ణి కళాభవన్‌లోనే ఉపాధ్యాయుడిగా ఉంచుకున్నారు, అడ్డుపడలేదు. తనకు నచ్చని పనిని తన కింద సాగనివ్వడం ఎంత కష్టమో ఒక సెక్షనుకు పెద్దగా చేసినవారెవరైనా చెప్పగలరు. 1940లో చేరిన మరో కుర్రవాడు కోర్సు పూర్తి కాకుండానే వెళ్ళిపోయాడు. అతనే సత్యజిత్ రాయ్.

మన తెలుగువారి సంగతికి వస్తే, ఓరుగల్లు ప్రాంతం నుంచి వెళ్ళిన కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతన్‌లో నందలాల్ వద్ద నేర్చుకుని వచ్చి, హైదరాబాదు లలితకళల కళాశాలలో తరాల విద్యార్థులకు పాఠం చెప్పారు. కాకతీయ శిల్పాన్ని తన చిత్రాల్లోకి తెచ్చారు. 2012లో స్వర్గస్థులయ్యారు. అంతకుముందే బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాలు నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ ఛటోపాధ్యాయ చిత్రకళ నేర్పేవారు. మన అడివి బాపిరాజు గారు ఆయన శిష్యులే. అవనీంద్రుడు తవ్విన కాలువ ఒకటి మన కృష్ణా తీరానికీ పారిందన్నమాట.

ఇక రాజ్యాంగం. సింధు నాగరికత నాటి ఎద్దు ముద్రతో మొదలై గురుకులం, లంక నుంచి మరలి వస్తున్న సీతారామలక్ష్మణులు, గీతోపదేశం, బుద్ధుడు, మహావీరుడు, అక్బరు, శివాజీ, గురు గోవింద్ సింగ్, టిప్పు సుల్తాన్, ఝాన్సీ రాణి, దండి యాత్ర, నౌఖాలీలో బాపూజీ, చివరికి హిమాలయాలు, ఎడారి, సముద్రం వరకు ఆ బొమ్మలు సాగుతాయి. ఆలోచన మాస్టారిది. చేతులు మాత్రం చాలా ఉన్నాయి. కుమార్తెలు గౌరి, జమున, కుమారుడు విశ్వరూప్, శిష్యులు ఎందరో పనిచేశారు. నాలుగు సింహాల చిహ్నం గీయవలసిన దీనానాథ్ భార్గవను కలకత్తా జంతుప్రదర్శనశాలకు పంపి నిజం సింహాలను చూసి రమ్మన్నారు. అన్నిటికంటే ముఖ్యమైన పీఠిక పేజీ జబల్పూరు శిష్యుడు బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హాకు ఇచ్చారు. ఆ పేజీలో ఒక మూల అతని సంతకమే ఉంటుంది, గురువుది కాదు. కిందివాడు రాత్రింబవళ్ళు కూర్చుని తయారుచేసిన కాగితం మీద పైవాడి సంతకం పడటం చూస్తూ సర్వీసు గడిపిన మనబోటివాళ్ళకు ఈ చిన్న విషయం చిన్నగా కనబడదు. 1950 జనవరి 24న రాజ్యాంగసభ సభ్యులు ఆ ప్రతులపై సంతకాలు చేశారు. తరువాత డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారు దాని నకళ్ళు అచ్చువేశారు.

1951లో పదవీ విరమణ జరిగింది. ఆపై బిరుదులు వరుసగా వచ్చాయి. విశ్వభారతి దేశికోత్తమ ఇచ్చింది, 1954లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అవి ఇచ్చిన మొదటి ఏడాదే అది. ఆయన శాంతినికేతన్ విడిచి ఎక్కడికీ పోలేదు. పెద్ద గోడలు ఎక్కే ఓపిక తగ్గింది. రంగులు కూడా తగ్గించుకున్నారు. నల్ల సిరా, తడిపిన కుంచె, చిన్న కాగితం. చెట్లు, వాన, పొలం, నీటి ఒడ్డు. ఒకప్పుడు గోడంత కురుక్షేత్రం వేసిన చెయ్యి, ఆఖరి ఏళ్ళలో అరచేయంత కాగితం మీద నాలుగు మరకలతో వాన కురిపించింది. విరమణ తరువాత చేయడానికి ఏముందని నన్ను అడిగే మిత్రులకు ఆ ఆఖరి బొమ్మలు ఒకసారి చూడమని చెబుతుంటాను.

1966 ఏప్రిల్ 16న, 83 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. 1976లో ఆయన చిత్రాలను భారత ప్రభుత్వం జాతీయ కళాసంపదగా ప్రకటించింది. వాటిని దేశం దాటించి అమ్మడానికి వీలులేదు.

కళాభవన్‌లో 1973 నుంచి ఏటా ఆయన పుట్టినరోజుకు ముందు, డిసెంబరు 1, 2 తేదీల్లో నందన్ మేళా జరుపుతున్నారు. విద్యార్థులు, అధ్యాపకులు తమ చేతులతో చేసిన బొమ్మలు, మట్టిపాత్రలు, కార్డులు చవకగా అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి పోతుంది.